సుంకన్న ఇంటి సాలు

ఒక వరుసలో నలభై అక్షరాలు దాటకూడదు. తెర మీద రెండు వరుసలకు మించి ఉండకూడదు. మనిషి మాట మొదలుపెట్టగానే ఇంగ్లీషు రావాలి, మాట ఆగిన సెకనుకు పోవాలి. సబ్‌టైటిళ్ల పనికి రచన అనే అమ్మాయి పంపిన కాగితంలో నియమాలు ఇవే. ఎర్రిస్వామికి అవి నచ్చాయి. లండన్ దగ్గరి స్టీవెనేజ్‌లో విమాన భాగాల కొలతలు సరిచూస్తూ రిటైరైన మనిషికి, ఇంత అంటే ఇంతే అని చెప్పే పని దొరకడం ఒక విశ్రాంతి లాంటిది. ఎవరి మాటలో, ఎందుకు చెబుతున్నారో పట్టించుకోనక్కర్లేదు. వరుసలో పట్టిందా లేదా అన్నదే చూడాలి.

హగరి ఏటి ఒడ్డున ఇసుక మేటవేసే ఊళ్ల మీద ఇక్కడి యూనివర్సిటీ ఒకటి సినిమా తీసింది. అక్కడివాళ్లు ఎట్లా బతికారు, ఇప్పుడు ఎట్లా సేద్యం చేస్తున్నారు అన్నది విషయం. రాయదుర్గం వైపు మాట తెలిసినవాళ్లు కావాలని, ఆ బృందంలోని రచన మిల్టన్ కీన్స్ తెలుగు గ్రూపులో మెసేజ్ పెట్టింది. ఎర్రిస్వామి కూతురు రుచిత తండ్రిని అడగకుండానే పేరిచ్చేసింది. అతను కాదనలేదు. జనవరిలో భార్య విమల పోయినప్పటి నుంచి అతను దేనికీ వద్దనలేదు.

మంగళవారం పదింటికి గుమ్మం ముందు స్టీలు డబ్బా పెట్టిన చప్పుడు వినిపించింది. ఎదురింటి సావిత్రమ్మ బెల్లు కొట్టదు. డబ్బా పెట్టి వెళ్లిపోతుంది, మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి. ఎర్రిస్వామి చెవుల మీది హెడ్‌ఫోన్స్ తీసి, డబ్బా లోపలికి తెచ్చాడు. ఇంకా వెచ్చగానే ఉంది. సింకు దగ్గర మూత తీసి, లోపల ఏముందో చూడకుండా ఫుడ్ బిన్‌లోకి వంచాడు. రెండుసార్లు సబ్బుతో కడిగాడు. పొడిగుడ్డతో తుడిచి, మూత అంచుల్లో తడి లేకుండా ఇంకోసారి తుడిచాడు. ఆమె కొడుకు కారు బయటికి వెళ్లడం చూసి, రోడ్డు దాటి, వాళ్ల మెట్టు మీద డబ్బా పెట్టి వచ్చాడు. తొమ్మిది నెలల నుంచి ఇదే పద్ధతి. ఇందులో తప్పుందని అతనికి తెలుసు. కానీ తెలిసిన సంగతి లోపల ఎక్కడో ఆగిపోయి ఉంటోంది. చేతిదాకా రావడం లేదు.

మధ్యాహ్నం బళ్లారి నుంచి క్రాంతి ఫోన్ చేశాడు. ఎర్రిస్వామి చిన్నాన్న మనవడు.

"పెదనాయనా, మన దిబ్బ ఇసక కాగితం వచ్చిందా?"

"వచ్చింది."

"శుక్రారం మర్చిపోవద్దు. నోటరీ ముందర నువ్వు సంతకం చేసి పంపిస్తే చాలు, మిగిలిందంతా నేను చూసుకుంటా. కాంట్రాక్టరు తొందర పెడ్తాండాడు. రోడ్డు కింద నింపేదానికి ఇసక కావాల వానికి. మనకేమో ఆ దిబ్బ దండగ్గా పడుండాది."

"సరేలే."

"నువ్వేమీ దిగులు పడొద్దు. ఆడ ఏమీ లేదు, వట్టి ఇసకే."

"సరే అన్నా కదప్పా."

ఫోన్ పెట్టేసి, కాగితాన్ని పాస్‌పోర్టుతో కలిపి ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టి, తలుపు పక్కన బల్ల మీద ఉంచాడు. విమల కళ్లజోడు కూడా ఆ బల్ల మీదే ఉంది. దాన్ని కాస్త పక్కకు జరిపి ఫోల్డర్‌కు చోటు చేశాడు.

బుధవారం పొద్దున రచన ఫోన్ చేసింది. హైదరాబాదు పిల్ల. మాట్లాడుతున్నంతసేపూ కీబోర్డు టకటకలు వినిపిస్తుంటాయి.

"అంకుల్, మూడో ఊరి ఫైల్స్ పెట్టేశాను. ఇందులో ఒక ముసలావిడ ఉంది, అసలు సూపర్. షూట్‌లో నాకు సగం అర్థం కాలేదు, ఊరికే తలూపుతూ కూర్చున్నా. టైటిల్ కార్డులు ఎడిటర్ ముందే పెట్టేశాడు, వాటి స్పెల్లింగ్ ఒక్కటి చూడండి చాలు."

"ఏ ఊరు?"

"దాసరదొడ్డి."

ఎర్రిస్వామి ఆ పేరు కాగితం మీద రాసుకున్నాడు. రాసుకోవలసిన అవసరం లేదు. అది అతను పుట్టిన ఊరు. రచన మొదటిరోజు అడిగినప్పుడు, రాయదుర్గం పక్కన అని మాత్రం చెప్పాడు. ఆమె మళ్లీ అడగలేదు, అతను చెప్పలేదు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే చెవుల నిండా గాలి. ఆషాఢంలో తీసినట్టున్నారు. మైకు మీద ఇసుక పడుతున్న సన్నటి గరగర. మొదటి దృశ్యంలో ఒక దిబ్బ, దాని మీద అక్కడక్కడ కానుగ చెట్లు, కిత్తనార పొదలు. ఒక పక్క ఇసుకలోంచి రాతి కంబం కొస జానెడు పైకి కనిపిస్తోంది. మోట తోలే బావికి గిలక కట్టే కంబం అది. బొమ్మ కింద ఇంగ్లీషులో 'వదిలేసిన పొలం, యజమానులు ఊరు విడిచారు' అని ఉంది. ఎర్రిస్వామి స్పెల్లింగ్ చూశాడు. సరిగ్గానే ఉంది. కంబం కొసన తాడు ఒరిపిడికి పడిన గాడి కూడా కనిపిస్తోంది. ఆ గాడిలో వేలు పెట్టి ఆడుకున్న సంగతి వేలికి గుర్తొచ్చింది. అతను తర్వాతి దృశ్యానికి వెళ్లాడు.

రచన చెప్పిన ముసలావిడ, హనుమక్క, ఇంటి వసారాలో కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటాయి. కొంగు తలమీదుగా చుట్టి పళ్లతో కరిచి పట్టుకుంది. మాట్లాడాల్సి వచ్చినప్పుడు వదులుతుంది.

"ఈ ఊరు రెండుసార్లు జరిగిందప్పా. మా మామ పుట్టింది ఆడ, ఆ దిబ్బ అవతల. పెండ్లయి నేనొచ్చింది ఇంకో తావుకు. ఇది మూడోది. ఊరు నడిచేదే మీరెవరన్నా చూసినారా? మేము చూసినాం."

ఎర్రిస్వామి టైపు చేశాడు. ముప్పై ఎనిమిది అక్షరాలు. పట్టింది.

"మా తలుపులన్నీ లోపలికే తెరుచుకుంటాయి, చూడు. బయటికి తెరిచే తలుపు పెట్టినోడు తెల్లారి ఇంట్లోనే ఉండిపోతాడు. రాత్రి గాలికి ఇసక తలుపుకొచ్చి ఆనుకుంటాది. అందుకే పార ఇంట్లో పెట్టుకుంటాం. మీకందరికీ చీపురు, మాకు పార."

కెమెరా వెనకనుంచి రచన నవ్వు వినిపించింది. హనుమక్క నవ్వలేదు.

ఆమె పొలాల సంగతి చెప్పింది. గట్టురాళ్లు మునిగిపోతాయని, ఎత్తుగా పెరిగే కిత్తనార మొలకల్ని హద్దుల్లో నాటడం. ఇసుక పలచగా కప్పిన చోట అడుగున పదును ఎక్కువ రోజులు నిలబడటం. జానెడు దాకా మేలు, మోకాలిదాకా వస్తే పొలం పోయినట్టే. తర్వాత దిబ్బ వైపు చెయ్యి చూపించి, "పొలం పోయినోళ్లకు పక్కపొలమోళ్లు ఒక సాలు ఇడుస్తారు" అంది.

ఎర్రిస్వామి ఇంగ్లీషులో, పొలం పోయినవాళ్లకు ఇరుగుపొరుగు వాళ్లు కొంచెం పంట ధర్మం చేస్తారని కొట్టాడు. రెండు వరుసల్లో సరిపోయింది. కంప్యూటర్ మూసి, బజారుకు వెళ్లి పాలు తెచ్చుకున్నాడు. కౌంటర్ దగ్గరి పిల్ల అతను మర్చిపోయిన చిల్లర పట్టుకుని తలుపు దాకా పరిగెత్తుకొచ్చి ఇచ్చింది.

గురువారం బెల్లు మోగింది. సావిత్రమ్మ. స్వెటర్ మీద శాలువా, చేతిలో చీపురు.

"అన్నా, పొద్దుగాల నక్క నీ బిన్ను పడగొట్టింది. రోడ్డంత ఆగమాగం. నేనే ఊడ్సిన."

"అయ్యో, నన్ను పిలిచింటే వచ్చేవాణ్ణి కదా."

"పిలుద్దామనే అనుకున్న. ఊడుస్తుంటె జూసిన, నా గుత్తొంకాయనే. కాయకు కాయ అట్లనే ఉన్నది. ఒక్కటి గూడ ఇరగలే."

ఎర్రిస్వామి తలుపు పిడి పట్టుకుని నిలబడ్డాడు.

"మంచిగ లేకుంటే లేదని చెప్పు. మా ఆయన ముప్పయేండ్లు చెప్పిండు, నేనేం సచ్చిపోలే."

"అది కాదు సావిత్రమ్మా. ఆకలి ఉండటం లేదు."

"అది నాకెరుకే. మరి డబ్బ గంత సాఫ్ ఎందుకు కడుగుతవ్? మంచిగ తిని కడిగినట్టు కడుగుతవ్. నేనేమో మా కోడలికి చెప్తున్న, అన్నకు నా వంట పడ్డది అని."

ఆమె కోపంగా లేదు. అదే కష్టంగా ఉంది.

"రేపు డబ్బ పెట్టాల్నా వద్దా? నీ నోటితోని నువ్వే చెప్పు."

"మీకెందుకు శ్రమ."

"అంటే వద్దనే గదా." ఆమె శాలువా భుజం మీదికి లాక్కుంది. "సరే తియ్. విమలక్క ఉంటే నువ్విట్లనకపోతుంటివి."

చీపురు చంకలో పెట్టుకుని రోడ్డు దాటింది. వెళ్తూ వెళ్తూ అతని బిన్ను వంకరగా ఉంటే సరిచేసి, మూత మీద పిడి అడ్డం వేసి వెళ్లింది.

తొమ్మిది నెలల్లో మొదటిసారి అతను దేన్నో వద్దన్నాడు. బల్ల దగ్గర కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. నిన్న ఆపిన చోట హనుమక్క చెయ్యి ఇంకా దిబ్బ వైపే చాచి ఉంది. మీట నొక్కాడు.

"దిబ్బ అంచున ఆఖరి సాలు. ఇత్తనం మాదే, కలుపు తీసేది మేమే. పెరికేది మాత్రం వాళ్లే వచ్చి పెరకాల."

"అంటే అవ్వా, దానం లాంటిదా?" రచన గొంతు.

"దానమైతే మూట గట్టి ఇంటికి పంపిస్తాం కదా. అది వాళ్ల సాలు. పొలం ఇసక కింద ఉన్నా వాళ్లు ఈ ఊరి రైతులే అని ఇడిచింది. ఒక్క శెనిక్కాయ చెట్టు పెరికినా చాలు, మిగిలింది మేమే పెరికి బండికి ఎత్తిస్తాం. ఆ మొదటి చెట్టు మాత్రం వాళ్ల చేత్తో రావాల."

"వాళ్లు రాకపోతే?"

"రాకపోతే ముట్టుకోం. గొర్రెల్ని గూడ తోలం. కాయ భూమిలోనే మోసులొచ్చి పోతాది."

ఆమె వెనక పొలంలో విత్తనం పడుతోంది. ట్రాక్టరు అంచుదాకా వచ్చి తిరిగిపోయింది. ఆ తర్వాత ఒక ఆడమనిషి కొంగులో వేరుశనగ విత్తనాలు పోసుకుని, దిబ్బ వారన, వంగి, మడమతో గీత గీసుకుంటూ ఒక్కొక్క విత్తే వదులుకుంటూ పోతోంది. అడుగుకు ఒకటి. గాలికి చీర చెంగు ఎగురుతుంటే ఎడం చేత్తో అదిమి పట్టుకుంటోంది.

"అది చూడు, మా కోడలు. అది సుంకన్న ఇంటి సాలు."

ఎర్రిస్వామి వేళ్లు మీటల మీద ఆగాయి. సుంకన్న అతని తండ్రి.

"సుంకన్న ఉన్నన్నాళ్లు ప్రతి కార్తీకం వస్తాండె. గోనెసంచి భుజాన ఏసుకొని, తలకు రుమాలు చుట్టుకొని, పెండ్లికొచ్చినట్టు వస్తాండె. పిల్లోడు మాత్రం సాలు దగ్గరికి వచ్చేటోడు కాదు. కానగ చెట్టు కింద నిలబడుకుంటాండె. చదువుకుంటాండె కదా, సిగ్గు. వాళ్ల నాయన అడుక్కుంటాండాడు అనుకొనిండు పాపం. పిలిచి చెప్పాల్సింది మేమే. చెప్పకపోతిమి. పనుల్లో యాడ చెప్తాం."

ఆమె కొంగు పళ్ల మధ్య పెట్టుకుంది. మళ్లీ వదిలింది.

"సుంకన్న పోయి ఇరవై రెండేండ్లాయె. ప్రతి ఏడూ ఇడుస్తానే ఉండాం. మీరు వచ్చిండేది లండన్ నుంచే కదా?"

"దగ్గర్లోనే అవ్వా."

"ఆ పిల్లోడు ఆడే ఉండాడంట. ఎర్రిసామి. యాడన్నా ఎదురుపడితే చెప్పండి, సాలు ఉండాది అని. ఇంకో మాట గూడ చెప్పండి. మొన్న జేసీబీ వాళ్లు వచ్చి ఆ దిబ్బకు కొలతలు తీసుకొని పోయినారు. సంతకం ఒగటి వచ్చేదుండాది అంట. ఆ దిబ్బ మీద చెట్లు మేము పెట్టినవే, బిందెలతో నీళ్లు మోసి. ఇసక నిలబడిపోయింది. ఇప్పుడది మాకు గోడ మాదిరి. తవ్వినారంటే ఒక్క ఆషాఢానికి ఊరు లేస్తాది. నాలుగో తావుకు నేను నడవలేనప్పా."

తర్వాత కెమెరా వైపు చూస్తూ కూర్చుంది. పదకొండు సెకన్లు. మౌనానికి అక్షరాలు అక్కర్లేదని నియమాల్లో ఉంది.

ఎర్రిస్వామికి ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. వెనక్కి వెళ్లి, నిన్న ధర్మమని కొట్టిన వరుస తుడిచేసి, ఆమె చెప్పింది చెప్పినట్టు కొట్టాడు. పట్టలేదు. రెండు ముక్కలు చేశాడు. అప్పుడు పట్టింది. సాయంత్రందాకా అదే పని. చివరి మాట దగ్గర నలభై మూడు అక్షరాలు వచ్చాయి. తగ్గించలేదు.

శుక్రవారం పదిన్నరకు ఫోల్డర్ తీసుకుని బయల్దేరాడు. ఎదురింటి కిటికీలో తెర కదిలింది. గుమ్మం ముందు డబ్బా లేదు. రౌండబౌట్ తర్వాత రౌండబౌట్ దాటుకుంటూ, ఎప్పుడూ వెళ్లే దారిలోనే కారు నడిపాడు. నోటరీ ఆఫీసుకు చేరేసరికి ఇంకా పది నిమిషాలుంది. అతన్ని కూర్చోబెట్టిన అమ్మాయి, మీ భుజం మీద దారం పోగు అని వేలితో చూపించి, నవ్వి లోపలికి పోయింది.

నోటరీ అతని ఈడు మనిషే. పాస్‌పోర్టులో ఫోటోనీ అతన్నీ మార్చి మార్చి చూశాడు. పెన్ను మూత తీసి అతని ముందు పెట్టాడు. అందరినీ అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఇందులో ఉన్నదంతా చదివి, మీ ఇష్టపూర్తిగానే సంతకం చేస్తున్నారు కదా?"

ఎర్రిస్వామి పెన్ను పట్టుకున్నాడు. అవును అంటే అయిపోతుంది. తొమ్మిది నెలలుగా అవునంటూనే ఉన్నాడు. ఆస్పత్రిలో, రిజిస్ట్రార్ ఆఫీసులో, బ్యాంకులో.

"చదవలేదు," అన్నాడు.

"అయితే చదవండి. తొందరేం లేదు."

మూడో పేరాలో ఉంది. నాలుగెకరాలు, నిరుపయోగమైన ఇసుక దిబ్బ, ఎవరి సాగులోనూ లేనిది. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. పెన్ను మూత పెట్టాడు.

"ఇందులో ఒక విషయం నిజం కాదు."

"సరిచేయించి మళ్లీ వస్తారా?"

"లేదండి. రాను."

నోటరీ ఎందుకని అడగలేదు. కాగితాలు అంచులు కలిపి ఫోల్డర్లో తిరిగి పెట్టి, తలుపు దాకా వచ్చాడు. ఈరోజుకు ఫీజు ఏమీ లేదులెండి అన్నాడు.

కారులో కూర్చుని క్రాంతికి ఫోన్ చేశాడు.

"అయిపోయిందా పెదనాయనా?"

"చెయ్యలేదు. చెయ్యను. ఆ దిబ్బను ఎవరూ ముట్టుకోవద్దని కాంట్రాక్టరుకు చెప్పు."

అవతల వాహనాల మోత మధ్య క్రాంతి గొంతు పెరిగింది.

"ఎవరు చెప్పినారు నీకు? ఎవరో ఎక్కించినారు. నలభై ఏండ్లలో ఎన్నిసార్లు వచ్చినావు నువ్వు మన ఊరికి? మీ నాయన దినాలకు తప్ప? నేనీడ వానికి మాట ఇచ్చి మొగం ఎట్ల చూపించాల?"

"నిజమే. రాలేదు."

"మరి ఇప్పుడేమొచ్చె?"

"కార్తీకంలో వస్తా. సాలు పెరకాల."

"ఏం సాలు?"

"నీకూ తెలీదా? నాకూ నిన్ననే తెలిసింది. వచ్చినాక ఇద్దరం పోదాం."

"నీకు ఒంట్లో బాగలేదు పెదనాయనా. రుచితక్కకు ఫోన్ చేస్తా నేను."

"చెయ్యి," అన్నాడు ఎర్రిస్వామి. క్రాంతికి కోపం తగ్గడానికి సమయం పడుతుందని తెలుసు. వాడు ఫోన్ పెట్టేసేదాకా ఆగి, తర్వాత రచనకు చేశాడు.

"అమ్మా, మూడో ఊరు పూర్తయింది. మొదటి బొమ్మ కింద వదిలేసిన పొలం అని ఉంది చూడు, అది తీసేయాల."

"ఎందుకంకుల్? ఓనర్స్ ఎవరూ రారు కదా, అవ్వే చెప్పిందిగా."

"ఉన్నాడు. వస్తాడు."

"మీకెలా తెలుసు?"

అతను రోడ్డు వైపు చూశాడు. ఒక ముసలామె దాటుతోంటే రెండు వైపులా కార్లు ఆగి ఉన్నాయి.

"అవ్వ చెప్పిన ఎర్రిసామి నేనే."

కీబోర్డు చప్పుడు ఆగింది. "అంకుల్, మరి అక్కడ ఏం రాయమంటారు?"

"సుంకన్న కుటుంబం పొలం, దాసరదొడ్డి. రెండు వరుసలు కూడా అక్కర్లేదు. ఒక్కదాంట్లో పడుతుంది."

ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట. కారు దిగి ఇంటి తలుపు తీయబోయి ఆగాడు. తాళంచెవి జేబులో వేసుకుని రోడ్డు దాటాడు. తొమ్మిది నెలల్లో ఆ మెట్టు మీద డబ్బా పెట్టి తిరిగొచ్చాడే గానీ, బెల్లు ఎక్కడుందో ఎప్పుడూ చూడలేదు. వెతుక్కుని నొక్కాడు.

సావిత్రమ్మ తలుపు తీసింది. చేతికి పిండి. అతని చేతుల వైపు చూసింది. ఖాళీగా ఉన్నాయి.

"డబ్బ నీ దగ్గర ఏం లేదన్నా. అన్నీ ఒచ్చినయి."

"డబ్బా కోసం కాదు సావిత్రమ్మా. ఈరోజు శుక్రవారం కదా."

"అయితే?"

"డబ్బా రాలేదేమని అడగడానికొచ్చినా."

ఆమె పిండి చేతిని కొంగుకు తుడుచుకోబోయి, తుడుచుకోలేదు. అతని మొహం వంకే చూస్తోంది.

"పొద్దుటి నుంచి ఏమన్న తిన్నవా?"

"లేదు."

"గోకరకాయ ఒండిన. నీకు నచ్చదని విమలక్క చెప్పింది."

"నచ్చదు," అన్నాడు ఎర్రిస్వామి. "పెట్టండి."

ఆమె పక్కకు జరిగింది. అతను బూట్లు విప్పి, రెండూ గోడకు ఆనించి పెట్టి, లోపలికి వెళ్లి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె కంచం తెచ్చి ముందు పెట్టింది. వేడన్నం, ఆ గోరుచిక్కుడు కూర. ఆమె వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి, గరిటె తనే తీసుకుని, తనే వడ్డించుకున్నాడు. మొదటి ముద్దకు రుచి ఏమీ తెలియలేదు. రెండో ముద్దకూ తెలియలేదు. మూడో ముద్దకు ఉప్పు తెలిసింది.

"ఎక్కువైందా?" అంది సావిత్రమ్మ.

"కొంచెం," అన్నాడు.